ఐదున్నర గంటల విమానం, పన్నెండు గంటల ఐసు

పోయిన వారం మా వీధిలో కొత్తగా దిగిన పశువుల డాక్టరమ్మ ఇంటికి వచ్చింది. ఢిల్లీ నుంచి ఏదో టీకా మందు చేత్తో తెచ్చుకోవాలట. "మీరు ఒకప్పుడు తెచ్చారటగా తాతగారూ, ఎలా తెచ్చారు?" అని అడిగింది. నేను నోరు తెరిచే లోపలే, "ఇప్పుడు విమానం రెండుంపావు గంటలే లెండి, ఏమవుతుంది?" అని తనే తేల్చేసింది. ఏమవుతుందా? నాకు అరికాళ్లు చల్లబడ్డాయి. అరవై ఏళ్లు దాటినా ఆ ప్రయాణం తలుచుకుంటే ఇప్పటికీ అంతే. ఆమెకు చెప్పిన మాటలనే ఇక్కడ రాస్తున్నాను. చల్లగా ఉండాల్సిన మందును పట్టుకుని దూరాభారం వెళ్లేవాళ్లు ఎవరైనా చదువుకుంటారు.

అరవైల మొదట్లో నేను తాండూరు పశువుల దవాఖానాలో కాంపౌండరును. మాది పెద్దేముల్ దగ్గర గొర్రెల కాపరుల ఇల్లు. మా అన్న బీరయ్య రెండు వందల గొర్రెలను మేపేవాడు. నేను నిజాం కాలంలో నాలుగు ముక్కలు ఉర్దూలో చదువుకుని ఈ కొలువులో పడ్డాను. ఆ ఏడు ఫాల్గుణంలో దౌల్తాబాద్ వైపు మందల్లో గొర్రెలకు అమ్మవారు పోసింది. అంటే మశూచి. మూతి మీద, పొదుగు మీద బొబ్బలు లేచి, జ్వరంతో మేత మాని పడిపోతాయి. పిల్లలైతే మూడు రోజులు కూడా నిలవవు. అక్కడి నుంచి మా ఊరికి ఎంతో దూరం లేదు. మా ఊళ్లో అన్నీ కలిపి పన్నెండు వందల గొర్రెలు. హైదరాబాదులో టీకా నిండుకుంది, మళ్లీ వచ్చేసరికి నెల పడుతుందన్నారు. ఢిల్లీలో మాత్రం ఉందని తెలిసింది. కాపరులందరూ దవాఖానా ముందు కూర్చుని ఏం చేద్దామని తలలు పట్టుకుంటే, నేనే లేచి "నేను పోయి తెస్త" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలియదు. అప్పటికి నేను సికింద్రాబాదు దాటి ఎరగను.

మా డాక్టరుగారు స్కూలు అట్లాసు తెరిచి, ఢిల్లీ నుంచి హైదరాబాదుకు దారం పెట్టి కొలిచారు. గాలిలో ఏడు వందల ఎనభై మైళ్లని లెక్క తేలింది. రైలు చుట్టు తిరిగి వెయ్యి మైళ్ల పైచిలుకు నడుస్తుంది, రెండు రాత్రులు పడుతుంది. విమానమైతే నాగపూరులో ఆగడంతో కలిపి ఐదున్నర గంటలు, కాస్త అటూ ఇటూ. "పెట్టెలో ఐసు పన్నెండు గంటలు నిలుస్తుంది మల్లయ్యా. అది కరిగితే ఆ మందు చచ్చిపోతుంది. చచ్చిన మందు హాని చెయ్యదు, మేలూ చెయ్యదు. నీళ్లు పొడిచినట్టే. కనక వెళ్లేటప్పుడు రైల్లో వెళ్లు, వచ్చేటప్పుడు విమానంలో రా" అన్నారు. విమానం టికెట్టు నా రెండు నెలల జీతానికి పైమాటే. కాపరులు తలా ఒక పొట్టేలు అమ్మి ఇచ్చారు. మా అన్న మాత్రం దారాన్ని చాలాసేపు చూసి, "గొర్ల మందతోని నడిస్తే ఎన్ని రోజులు పడ్తది తమ్మీ?" అని అడిగాడు. మంద రోజుకు ఆరేడు మైళ్లు నడిస్తే గొప్ప. నాలుగు నెలలు అన్నాను. "నాలుగు నెలల తొవ్వ ఐదు గంటలల్ల వస్తదా" అని, తన గొంగడి తీసి నా భుజం మీద వేశాడు.

పోవడం గురించి ఎక్కువ చెప్పను. కాజీపేట, నాగపూరు మీదుగా మూడో తరగతిలో రెండు రాత్రులు ప్రయాణం చేశాను. మూడో రోజు పొద్దు పొడవకముందే ఐదున్నరకు ఢిల్లీలో మందు చేతికొచ్చింది. లోపల తగరపు డబ్బా, దాని చుట్టూ రంపపు పొట్టు, బయట చెక్కపెట్టె. డబ్బాలో మూడు వరుసల్లో ముప్పై గాజు బుడ్లు, వాటి మధ్యన, పైన, కింద ఐసు. ఒక్కో బుడ్డి యాభై గొర్రెలకు సరిపోతుంది. ఇచ్చినాయన నా గొంగడి చూసి, "ఇది పెట్టెకు చుట్టు, బయటి వేడి లోపలికి పోదు. దారిలో మూత తీయకు" అని ఉర్దూలో చెప్పాడు. పెట్టె బరువు ఓ నెల గొర్రెపిల్లంత ఉంది. నేను దాన్ని రెండు చేతులా పట్టుకుని పాలం విమానాశ్రయం చేరాను.

విమానం ఏడింటికి లేచింది. రెండు పంకాల డకోటా. లోపల ముప్పై మందిమి కూడా లేము. మెరిసే చెప్పులేసుకున్న అమ్మాయి పళ్లెంలో పిప్పరమెంట్లు, దూది తెచ్చి, దూది చెవుల్లో పెట్టుకోమంది. నేను పిప్పరమెంటు చెవి దగ్గరికి తీసుకుపోతుంటే నవ్వాపుకుని చెయ్యి పట్టుకుంది. చక్రాలు నేల వదిలిన క్షణాన నా కడుపు కిందే ఉండిపోయింది. కిటికీలోంచి చూస్తే ఇళ్లు చిన్నవై, పొలాలు బొంతలో గుడ్డముక్కలై, ఆ తర్వాత ఏమీ కనిపించలేదు. తెల్లగా మబ్బు. రెక్క కొస వణుకుతోంది. అది వణకడం మామూలేనని ఎవరూ చెప్పలేదు. చచ్చిపోతున్నానని నాకు ఖాయంగా తెలిసిపోయింది. సిగ్గు విడిచి చెబుతున్నాను, నాకు మొదట గుర్తొచ్చింది పెళ్లాం కాదు, పిల్లలూ కాదు. నేను ఇక్కడ పడిపోతే ఆ పన్నెండు వందల గొర్రెల సంగతి ఏమిటన్నదే గుర్తొచ్చింది.

పైకి పోయే కొద్దీ చలి. వెచ్చగా ఉంచే యంత్రమేదో సరిగ్గా పనిచేయడం లేదని ఆ అమ్మాయి అందరికీ కంబళ్లు పంచింది. పెట్టె నా కాళ్ల దగ్గర ఉంది. విమానం ఒకసారి దబ్బున కిందికి జారింది. గాలి గుంటట. పెట్టె దొర్లిపోతుందేమోనని గబుక్కున ఎత్తి ఒళ్లో పెట్టుకున్నాను. చెక్క మీద చెయ్యి వేస్తే మంచులా తగిలింది. ఏం చేశానంటారా? గొంగడిని పెట్టె మీది నుంచి తీసి, పెట్టెనూ నన్నూ కలిపి చుట్టేసి, కడుపుకు హత్తుకుని కూర్చున్నాను. ఆలోచించి చేసిన పని కాదది. వానలో పుట్టిన గొర్రెపిల్లను అలాగే తెస్తాం. పిల్ల చల్లబడితే పోయినట్టే. గొంగట్లో వేసుకుని, పొట్టకు ఆనించుకుని, ఒంటి వేడి ఇచ్చి ఇంటికి చేరుస్తాం. ఐదేళ్ల వయసు నుంచి ఈ చేతులకు తెలిసిన పని అది. ఢిల్లీ ఆయన చెప్పిన మాట చెవుల్లో ఉంది, కానీ చేతులు వాటి పని అవి చేసేశాయి. అలా మూడు గంటలు పట్టుకున్నాను. మధ్యమధ్య చెయ్యి పెట్టి చూసి, ఇంకా చల్లగానే ఉందని మరింత దగ్గరికి తీసుకున్నాను.

నాగపూరు వస్తోందని చెప్పి, బెల్టు కట్టుకోమన్నారు. అప్పుడే నా తొడ తడిగా తగిలింది. భయంతో నేనే తడుపుకున్నానేమోనని ముందు ముఖం ఎర్రబడింది. చుట్టూ చూశాను. మెల్లగా గొంగడి కింద చెయ్యి పెట్టి చూసుకుంటే నీళ్లు పెట్టె మూలలోంచి కారుతున్నాయి. ఆ తర్వాత విమానం ఎలా దిగిందో నాకు తెలియదు. చక్రాలు నేలకు తగిలినప్పుడు అందరూ ఊపిరి వదిలారు. నా ఊపిరి ఆగిపోయింది.

నాగపూరులో నలభై నిమిషాలు ఆగుతుంది. ప్రయాణికులందరూ టీలకని ఓ రేకుల గది వైపు నడిచారు. నేను పరుగెత్తాను. క్యాంటీను నడిపే ముసలాయన ఒకడు సోడాల తొట్టి ముందు కూర్చుని ఉన్నాడు. నా వచ్చీరాని హైదరాబాదు ఉర్దూలో సంగతి చెప్పి, మూత తీశాను. పై వరుస మీద ఐసు లేదు. పది బుడ్లు తడిసి, బోసిగా కనిపిస్తున్నాయి. వాటిని ముట్టుకుంటే నా చేతి వేడే ఉంది వాటికి. కింది రెండు వరుసలు మాత్రం ఇంకా ఐసులోనే ఉన్నాయి.

"పెట్టె ఎక్కడ పెట్టుకున్నావు?" అన్నాడాయన.

"ఒళ్లో. గొంగట్లో చుట్టుకుని."

"నువ్వేమైనా కోడిపెట్టవా, పొదగడానికి?" అన్నాడు. అని, నవ్వకుండానే లేచి, తొట్టిలో ఉన్న ఐసు మొత్తం చేతులతో తోడి డబ్బాలో నింపాడు. డబ్బులు తీయబోతే చెయ్యి అడ్డం పెట్టాడు. "నేలకు ఆనించి పెట్టు. నువ్వు దూరంగా కూర్చో. దానికి నువ్వే పొయ్యి" అన్నాడు.

నాగపూరు నుంచి హైదరాబాదుకు రెండు వందల అరవై మైళ్లు, గంటా నలభై నిమిషాలు. ఆ అమ్మాయిని బతిమాలితే పెట్టెను గొంగట్లో చుట్టి, వెనక తలుపు దగ్గర ఇనుప నేల మీద పట్టీతో కట్టింది. నేను నాలుగు వరుసల ముందు కూర్చున్నాను. మొదటి మూడు గంటలు విమానం పడిపోతుందని భయపడిన నేను, ఈ గంటా నలభై నిమిషాలు విమానం ఊసే మరిచాను. ఊగినా పట్టలేదు, జారినా పట్టలేదు. పడిపోతానన్న భయానికి నేల తగలగానే ముగింపు ఉంటుంది. ఈ భయానికి ముగింపు కనబడలేదు. జరగాల్సింది నా ఒళ్లోనే జరిగిపోయింది. ఇప్పుడు ఎంత ఐసు వేసినా ఆ మూడు గంటలు వెనక్కి రావు. ఊరికి పోయి ఏ ముఖంతో చెప్పాలి? బెల్టు మీద చేతులు పెట్టుకుని అదే ఆలోచన.

పన్నెండూ నలభైకి బేగంపేటలో దిగాం. మీలో ఎవరైనా ఆ కాలం సంగతులు రాసుకుంటుంటే ఇది గుర్తుంచుకోండి, విమానాశ్రయం నుంచి బేగంపేట రైలు స్టేషనుకు నడిచే పోవచ్చు. వికారాబాదు, తాండూరు, వాడి జంక్షను వైపు రైలు అక్కడే ఎక్కవచ్చు. స్టేషను బయట సోడా బండి దగ్గర అర్ధణాకు ఓ ఐసు గడ్డ కొట్టించుకుని డబ్బాలో వేశాను. ఒకటీ నలభై ఐదు బండి ఎక్కాను. పెట్టెను బల్ల కింద నీడలో పెట్టి, నా కాళ్లు కూడా దానికి తగలకుండా పైకి మడుచుకుని కూర్చున్నాను. శంకరపల్లి దాటాక నవాబుపేట రైతు ఒకాయన ఎదురుగా కూర్చుని, నా వాలకం చూసి, ఎక్కడి నుంచి అని ఆరా తీశాడు. చెప్పాను.

"పొద్దుగాల ఢిల్లిల ఉన్నవా? గిప్పుడు గీడున్నవా?" అన్నాడు. నమ్మలేదు. "ఇమానంల భయం కాలేదా?"

"అయ్యింది."

"మరి గిప్పుడు దిగినవు గద. ఇంకేం ఫికరు?"

కిటికీ వైపు తిరిగాను. మూడుంముప్పావుకు వికారాబాదు. అక్కడ ఇరవై నిమిషాలు ఆగింది. అనంతగిరి గుట్టల మీద ఎండ తెల్లగా పడి ఉంది. స్టేషనులో చాయ్ తాగుదామని కప్పు పట్టుకుంటే, దాని వేడి చేతికి తగిలింది. తాగకుండానే ఇచ్చేశాను. ఐదుంపావుకు తాండూరు. ఢిల్లీలో ఐసు వేసిన లెక్కన చూస్తే ఇంకా పదిహేను నిమిషాలు మిగిలే ఉన్నాయి. డాక్టరుగారి లెక్క సరిగ్గా కుదిరింది. నా ఒక్కడి లెక్కే తప్పింది.

అన్న ప్లాట్‌ఫారం మీదే నిలబడి ఉన్నాడు. నాపరాళ్లు దింపుతున్న కూలీలు ఓ పక్కన కన్నడంలో కేకలు వేసుకుంటున్నారు. ఆ సందడిలోనే ఆయన నన్ను చూశాడు. నేరుగా వచ్చి, పెట్టె మీద చెయ్యి వేశాడు. చటుక్కున చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"గింత సల్లగున్నదేంది తమ్మీ? పానం ఉన్నదా దీంట్ల?" అని, నేను చెప్పేలోపల పెట్టెను లాక్కుని, భుజం మీది మరో గొంగట్లోకి, పొట్ట దగ్గరికి తీసుకున్నాడు.

"అన్నా, కింద పెట్టు" అన్నాను. "ఒంటికి ఆనియ్యకు. నేను గట్లనే చేసిన. మూడు గంటలు. పాడు చేసిన."

ఆయన పెట్టెను నెమ్మదిగా కింద పెట్టాడు. తర్వాత పెట్టెకు రెండు వైపులా తాడు కట్టి, ఒక కొస నాకిచ్చి, ఒక కొస తను పట్టుకున్నాడు. ఇద్దరం దాన్ని మా మధ్యన వేలాడేసుకుని దవాఖానాకు నడిచాం.

డాక్టరుగారు మూత తీసి బుడ్లు ఒక్కొక్కటే చేతిలోకి తీసుకుని చూశారు. జరిగింది విన్నారు. తిట్టలేదు, తిడితే బాగుండేది. చల్లగా ఉన్న ఇరవైని ఓ పక్కన, పై వరుసలోని పది ఇంకో పక్కన పెట్టారు. "ఇరవై బుడ్లు మంచివి. వెయ్యి గొర్రెలకు సరిపోతాయి. ఈ పది బతికి ఉన్నాయో చచ్చాయో చెప్పలేను. ఊళ్లో మంద పన్నెండు వందలు కదా, ఎవరి గొర్రెలు ఆపాలో మీరే చెప్పండి" అన్నారు. బయట కాపరులు పది మంది కూర్చుని మా వైపే చూస్తున్నారు.

"ఎవ్వలియో ఎందుకు సారూ" అన్నాడు మా అన్న. "తెచ్చింది మా తమ్ముడు. ఆ ఏడెక్కిన బుడ్లు మా గొర్లకు ఎయ్యిండ్రి."

మళ్లీ ఐసు నింపుకుని ఆ రాత్రికే పెద్దేముల్ చేరి, మర్నాడు సాయంత్రానికి అన్నిటికీ వేశాం. తోక కింద, బొచ్చు లేని చోట సూది. మందు బతికి ఉంటే నాలుగైదు రోజులకు ఆ చోట వాపు లేచి వేడిగా ఉంటుంది. అదొక్కటే గుర్తు. నాలుగో రోజు మిగతావాళ్ల గొర్రెలకు వాపులు లేచాయి. మా మందలో ఒక్కదానికీ లేదు. ఐదో రోజూ లేదు. నేను కొలువు మానుకుని దొడ్డి దగ్గరే ఉండిపోయాను. తోకలెత్తి చెయ్యి పెట్టడం, చల్లగా తగలడం, మరో గొర్రె దగ్గరికి పోవడం. అన్నం దిగేది కాదు. అన్న మాత్రం మేతకు తోలుకుపోయి తోలుకొచ్చేవాడు. ఏడో రోజు పొద్దున దొడ్డిలోంచి నన్ను పిలిచాడు. గంట కట్టిన ముసలి గొర్రె తోక పట్టుకుని ఉన్నాడు. "ఈడ జర ఏడిగున్నది. నువ్వు సూడు" అన్నాడు. చెయ్యి పెట్టాను. ఉలవగింజంత వాపు, వేడిగా ఉంది. ఆ సాయంత్రానికి సగానికి పైగా గొర్రెల్లో తేలింది. మిగతావాటిలో ఎన్నటికీ తేలలేదు.

ఇరవై రోజులకు అమ్మవారు మా ఊరికీ వచ్చింది. ఆ వెయ్యి గొర్రెలను దాటుకుని మా దొడ్డిలో ఆగింది. ఇరవై మూడు పోయాయి, ఎక్కువ పిల్లలే. గుంట తవ్వుతూ నేను ఏడ్చాను. మూడు వారాలుగా ఆగింది అప్పుడు బయటికొచ్చింది. తప్పయిపోయింది అన్నా అని అన్నాను. మా అన్న పార పక్కన పెట్టి, చెమట తుడుచుకుని, "నేనైనా గట్లనే పట్టుకుందు తమ్మీ. సల్లగుంటే ఇడిసిపెడ్తమా?" అన్నాడు. మళ్లీ పార అందుకున్నాడు. ఆయన పోయి ఇరవై ఏళ్లయింది, ఆ మాట మళ్లీ ఎప్పుడూ ఎత్తలేదు.

ఢిల్లీకీ హైదరాబాదుకూ మధ్య దూరం ఇప్పటికీ అట్లాసులో అంతే ఉంది. ఐదున్నర గంటలు రెండుంపావు అయ్యాయి, డకోటాలు పోయాయి, ఐసుకు బదులు ఏవేవో జెల్లు సంచులొచ్చాయి. కానీ చేతులు మారలేదు కదా అని నా భయం. మనం దేన్ని ప్రేమగా పెంచుతామో దాన్ని సాకిన అలవాటే భయం వేసినప్పుడు ముందుకొస్తుంది, చదువుకున్నది వెనక్కి పోతుంది. అందుకే డాక్టరమ్మకు ఒక్క సలహా ఇచ్చాను, మీకూ అదే. పెట్టెను సీటు కింద నేల మీద పెట్టండి, ఒళ్లో మాత్రం వద్దు. దారిలో ఎప్పుడో ఒకప్పుడు దాని మీద చెయ్యి వేస్తారు, చల్లగా తగిలి గుండె గుబేలుమంటుంది. గుండెను అలాగే కొట్టుకోనివ్వండి, చెయ్యి తీసేయండి.